బొమ్మ తప్పా, వేళ తప్పా? గేముల్లో తెర చిరుగులపై ఒక సమీక్ష

కంప్యూటర్‌లో గేమ్ ఆడుతూ కెమెరాను వేగంగా పక్కకు తిప్పినప్పుడు బొమ్మ అడ్డంగా తెగి రెండు ముక్కలుగా కనిపించడం గేమర్లందరికీ తెలిసిన సంగతే. పై ముక్కలో స్తంభం ఒకచోట ఉంటే, కింది ముక్కలో అదే స్తంభం కాస్త పక్కకు జరిగి ఉంటుంది. దీన్ని స్క్రీన్ టేరింగ్ అంటారు. తెర మీద వచ్చే చిక్కు ఇదొక్కటే కాదు. గోడల మీద రంగులు మినుకుమంటాయి. పాత్ర ముఖం మాయమై కనుగుడ్లూ పళ్లూ మాత్రం మిగులుతాయి. రాతిగోడ మసకగా మొదలై కొన్ని సెకన్లకు గానీ తేటపడదు. ఉన్నట్టుండి తెరంతా రంగుల గళ్లు పరుచుకుంటాయి. ఇన్ని రకాల బాధలకూ మనం పెట్టుకున్న పేరు ఒక్కటే, గ్రాఫిక్స్ ప్రాబ్లమ్. పేరు ఒకటే కావడంతో మందూ ఒకటే అయింది. డ్రైవర్ మార్చు, వీసింక్ పెట్టు, సెట్టింగులు తగ్గించు, ఏదీ పనిచేయకపోతే కార్డు మార్చు. ఈ వ్యాసం వాదన ఏమిటంటే, వీటిలో రెండు వేర్వేరు జాతులున్నాయి. మొదటి జాతిలో ప్రతి బొమ్మా సవ్యంగానే తయారవుతుంది, తెరకు చేరే వేళ మాత్రం తప్పుతుంది. రెండో జాతిలో బొమ్మే తప్పుగా తయారవుతుంది, లేదా దారిలో చెడిపోతుంది. మొదటిది లోపం కన్నా ఎక్కువగా ఒక బేరం. రెండోది నిజమైన లోపం. ఈ తేడా తేల్చుకోకుండా చేసే మరమ్మతు ఎప్పుడైనా ఫలించిందంటే అది అదృష్టమే.

చిరుగు ఎలా పుడుతుంది

మానిటర్ ఒక బొమ్మను ఒక్కసారిగా తెర మీద పెట్టదు. పై వరుస నుంచి కింది వరుస దాకా వరసగా గీస్తూ వస్తుంది. పాత గాజు గొట్టపు టీవీల్లో ఎలక్ట్రాన్ పుంజం చేసిన పని ఇదే. నేటి ఎల్సీడీ, ఓలెడ్ తెరల్లో పుంజం లేకపోయినా కేబుల్ గుండా సమాచారం వరుసల వారీగానే వస్తుంది, తెరా అదే వరుసలో మారుతుంది. 60 హెర్ట్జ్ మానిటర్‌లో ఈ ప్రయాణానికి సుమారు 16.7 మిల్లీసెకన్లు పడుతుంది, 144 హెర్ట్జ్ అయితే సుమారు 6.9. గ్రాఫిక్స్ కార్డు మాత్రం తన లెక్క ఎప్పుడు పూర్తయితే అప్పుడు కొత్త ఫ్రేమ్‌ను సిద్ధం చేస్తుంది. దానికి మానిటర్ గడియారంతో పనిలేదు. ఒకరు పేజీని పైనుంచి కిందికి చదువుతుండగా మధ్యలో ఎవరో ఆ పేజీ తీసేసి తర్వాతి పేజీ పెడితే, చదివేవారు ఆగకుండా అదే వరుస నుంచి కిందికి సాగిపోయినట్టు, మానిటర్ కూడా పాత ఫ్రేమ్ పై సగాన్నీ కొత్త ఫ్రేమ్ కింది సగాన్నీ కలిపి చూపిస్తుంది. ఆ రెండు ఫ్రేముల్లో దేనిలోనూ తప్పు లేదు. అతుకు దగ్గరే తేడా.

ఇక్కడ ఒక అపోహ బాగా పాతుకుపోయింది. గేమ్ ఇచ్చే ఫ్రేములు మానిటర్ వేగాన్ని మించినప్పుడే చిరుగు వస్తుందని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. 60 హెర్ట్జ్ తెర మీద గేమ్ సెకనుకు 45 ఫ్రేములే ఇస్తున్నా, వాటిలో ఏ ఫ్రేమ్ గీత మధ్యలో మారినా చిరుగు పడుతుంది. ఎక్కువ ఫ్రేములుంటే ఒకే తెరలో రెండు మూడు అతుకులు పడతాయి, తక్కువుంటే కొన్ని తెరల్లో ఒక్కటీ ఉండదు. అంతే తేడా. చిరుగు కంటికి ఎంత గుచ్చుకుంటుందో చెప్పేది వేరే లెక్క. కెమెరా తిరిగినప్పుడు బొమ్మ సెకనుకు 1,920 పిక్సెళ్లు జరుగుతోందనుకుందాం. సెకనుకు 60 ఫ్రేములొస్తే రెండు పక్కపక్క ఫ్రేముల మధ్య తేడా 32 పిక్సెళ్లు, 240 ఫ్రేములొస్తే 8 పిక్సెళ్లే. పైగా 60 హెర్ట్జ్‌లో ఆ అతుకు సుమారు 16.7 మిల్లీసెకన్లు నిలిస్తే, 240 హెర్ట్జ్‌లో 4.2 మిల్లీసెకన్లకే చెరిగిపోతుంది. అందుకే వేగమైన మానిటర్ కొన్నవారు చిరుగు పోయిందంటారు. పోలేదు, చిన్నదైంది. మరో విషయం. గేమ్ వేగం మానిటర్ వేగానికి దాదాపు సమానంగా ఉన్నప్పుడు అతుకు ఒకేచోట నిలిచి మెల్లగా పైకో కిందికో పాకుతుంది. గణితం ప్రకారం చిన్న తేడా, కంటికి మాత్రం అదే అన్నిటికంటే పెద్ద చిరాకు.

వేళను సరిదిద్దే మార్గాలు, వాటి ధరలు

చిరుగును ఆపడం పాత విద్యే. మానిటర్ ఒక తెర ముగించి మళ్లీ పైకి వెళ్లే ఖాళీ సమయంలోనే ఫ్రేమ్ మార్చాలని కార్డును కట్టడి చేస్తే చాలు. అదే వీసింక్. అయితే కట్టడి అన్నాక కార్డు ఎదురుచూడక తప్పదు. కార్డు ఫ్రేములను దాచుకునే బఫర్లు రెండే ఉన్నప్పుడు 60 హెర్ట్జ్ తెర మీద ఫ్రేమ్ 16.7కు బదులు 18 మిల్లీసెకన్లు తీసుకుంటే ఆ విడత తప్పిపోయి తర్వాతి విడత దాకా ఆగాలి. ఫలితంగా 55 దగ్గర ఉండాల్సిన వేగం ఒక్కసారిగా 30కి పడిపోతుంది. మూడో బఫర్ పెడితే ఈ పతనం తప్పుతుంది, కానీ మెమరీ ఖర్చవుతుంది. బఫర్లను క్యూగా వాడే గేముల్లో మౌస్ కదిపినదానికీ తెర మీద కదలికకూ మధ్య జాప్యం పెరుగుతుంది. 60 హెర్ట్జ్ వద్ద రెండు ఫ్రేములు వరసలో నిలిస్తేనే 33 మిల్లీసెకన్లు. గురి చూసి కాల్చే ఆటలో చేతికి ఆ బరువు తెలుస్తుంది.

తర్వాత వచ్చిన ఉపాయాలన్నీ ఈ బేరంలోని షరతులను మార్చడానికి చేసిన ప్రయత్నాలే. 2012లో ఎన్విడియా తెచ్చిన అడాప్టివ్ వీసింక్, గేమ్ వేగం చాలినప్పుడు కట్టడి చేస్తుంది, చాలనప్పుడు వదిలేస్తుంది. అంటే వేగం పడిపోయేకంటే చిరుగే నయమని ఒప్పుకుంటుంది. 2016లో వచ్చిన ఫాస్ట్ సింక్ కార్డును ఆపకుండా పరుగెత్తనిచ్చి, చివరిగా పూర్తయిన ఫ్రేమ్‌ను మాత్రమే తెరకు పంపి మిగతావి పారేస్తుంది. చిరుగు ఉండదు, జాప్యం తక్కువ, కానీ పారేసిన ఫ్రేముల వల్ల కదలికలో కుదుపు వస్తుంది, కరెంటూ వేడీ వృథా. అసలైన మలుపు 2013 అక్టోబరులో ఎన్విడియా ప్రకటించిన జీ-సింక్. కార్డును మానిటర్ కోసం ఆపడం మాని, మానిటర్‌నే కార్డు కోసం ఆగమనడం దాని పద్ధతి. దానికి మొదట్లో మానిటర్ లోపల ప్రత్యేకమైన భాగం కావాల్సి వచ్చింది. 2014లో వీసా (VESA) అనే ప్రమాణాల సంస్థ డిస్‌ప్లేపోర్ట్ ప్రమాణంలో అడాప్టివ్ సింక్‌ను చేర్చింది, ఏఎండీ దాని మీద ఫ్రీసింక్‌ను నిలబెట్టింది. 2019 జనవరిలో ఎన్విడియా కూడా ఆ ఉమ్మడి ప్రమాణంతో పనిచేసే మానిటర్లకు డ్రైవర్‌లో చోటిచ్చింది. హెచ్‌డీఎంఐ 2.1 ద్వారా ఇదే సదుపాయం టీవీలకు చేరింది, 2022లో ప్లేస్టేషన్ 5కూ అందింది.

చిరుగు లోపం కాదు, బేరం అనడానికి ఆపరేటింగ్ సిస్టమ్‌ల చరిత్ర కన్నా మంచి సాక్ష్యం లేదు. విండోస్ విస్టా నుంచి డెస్క్‌టాప్ మీద కనిపించేదంతా ఒక కూర్పరి (కంపోజిటర్) ప్రోగ్రామ్ గుండా, మానిటర్ వేళకు సరిపడేలా పోతుంది. విండోలో ఆడే గేములో చిరుగు సాధారణంగా కనిపించకపోవడానికీ, ఆ కూర్పరిని పక్కనపెట్టి ఫుల్‌స్క్రీన్‌లో ఆడినప్పుడు కనిపించడానికీ కారణం అదే. ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఇలాంటి కూర్పరే ఉంటుంది. అందుకే ఫోన్లో ఆడేవారికి చిరుగు సంగతి పెద్దగా తెలియదు. లైనక్స్ ప్రపంచంలో వేలాండ్ అనే వ్యవస్థ ప్రతి ఫ్రేమూ నిండుగా, చిరుగు లేకుండా తెరకు చేరాలన్న ఆశయంతో మొదలైంది. అది సాధించింది కూడా. అయితే 2022 చివర్లో, కోరుకున్న గేముకు చిరుగును అనుమతించే పద్ధతిని ఆ వేలాండ్‌లోనే చేర్చారు. జాప్యం తగ్గాలని గేమర్లు కోరడమే కారణం. పూర్తిగా నయం చేసిన జబ్బును ఎవరూ తిరిగి అడిగి తెచ్చుకోరు. చిరుగును అడిగారంటే, దాన్ని ధరగా చెల్లించి వేగాన్ని కొనుక్కుంటున్నారన్నమాట.

బొమ్మే తప్పినప్పుడు

రెండో జాతి దగ్గరికి వస్తే బేరాలకు తావు తక్కువ. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న, బొమ్మ ఎక్కడ చెడిందని. బొమ్మ ప్రయాణంలో అయిదు మజిలీలున్నాయి. గేమ్ వేసే లెక్క, కార్డు మెమరీలోకి వచ్చే టెక్స్‌చర్లు, ఆ లెక్కను కార్డు భాషలోకి మార్చే డ్రైవర్, కార్డు అనే యంత్రం, చివరికి కేబుల్, మానిటర్. ఒక్కో మజిలీలో జరిగే తప్పుకు ఒక్కో ముఖం ఉంటుంది.

గేమ్ లెక్కలో పుట్టే దోషానికి స్పష్టమైన ఉదాహరణ జెడ్ ఫైటింగ్. దూరపు గోడా, దాని మీద అతికించిన పోస్టరూ ఒకదానితో ఒకటి పోటీపడి మినుకుమంటాయి. ప్రతి పిక్సెల్ కెమెరాకు ఎంత దూరంలో ఉందో కార్డు ఒక సంఖ్యగా రాసుకుంటుంది. మామూలు పద్ధతిలో ఆ సంఖ్యలు దగ్గరి వస్తువులకే ఎక్కువగా ఖర్చవుతాయి. కెమెరాకు 10 సెంటీమీటర్ల దూరం నుంచి లెక్క మొదలుపెడితే 20 సెంటీమీటర్లు చేరేసరికే సుమారు సగం సంఖ్యలు అయిపోతాయి. మిగతా సగంతో కిలోమీటర్ల దూరం కొలవాలి. అక్కడ గోడకూ పోస్టరుకూ ఒకే సంఖ్య పడుతుంది, ఏది ముందో తేలదు. కెమెరా దగ్గరికి వెళ్తే మినుకు ఆగుతుంది, దూరం జరిగితే మళ్లీ మొదలవుతుంది. ఏ కంప్యూటర్‌లో చూసినా అదే చోట అదే మినుకు. ఈ లక్షణం కనిపించాక డ్రైవర్ మార్చడం, కార్డు విప్పి దుమ్ము దులపడం శుద్ధ దండగ. దాన్ని సరిచేయగలిగింది గేమ్ తయారుచేసినవారు మాత్రమే. కదిలే వస్తువు వెనుక తోకలా నీడ మిగలడం మరో రకం. గత ఫ్రేముల సమాచారాన్ని కలిపి అంచులు నునుపు చేసే పద్ధతుల వల్ల వచ్చేది అది. దానికి మందు గేమ్ సెట్టింగుల్లోనే, ఆ పద్ధతిని మార్చుకోవడంలోనే ఉంది.

టెక్స్‌చర్ల మజిలీలో కథ ఎక్కువగా చోటు గురించి. 4,096 పిక్సెళ్ల చదరపు టెక్స్‌చర్ ఒక్కటి, పిక్సెల్‌కు ఒక బైటు చొప్పున కుదించి దాచినా 16 మెగాబైట్లు తింటుంది. దూరాన్ని బట్టి వాడే చిన్న ప్రతులు కూడా కలిపితే సుమారు 21. ఒక దృశ్యంలో ఇలాంటివి వందలుంటాయి. కార్డు మెమరీ నిండితే కంప్యూటర్ మెమరీ నుంచి తెచ్చుకోవాలి. నాలుగో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ పదహారు లేన్ల దారిలో సెకనుకు సుమారు 32 గిగాబైట్లే పారుతాయి. మధ్యతరగతి కార్డు ఆర్టీఎక్స్ 3060 తన సొంత మెమరీని సెకనుకు 360 గిగాబైట్ల వేగంతో చదువుతుంది. ఈ పది రెట్ల తేడా తెర మీద మసక గోడలుగా, కుదుపులుగా బయటపడుతుంది. 2023 మార్చిలో పీసీ మీదికి వచ్చిన ‘ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1’లో 8 గిగాబైట్ల కార్డులున్నవారు చూసిన మసక టెక్స్‌చర్లు ఈ రకమే. తర్వాతి ప్యాచ్‌లతో అదే కార్డుల మీద అవి మెరుగుపడ్డాయి. కార్డు పాడైందనుకుని కొత్తది కొని ఉంటే ఆ డబ్బు అనవసరంగా పోయినట్టే.

యంత్రమే చెడినప్పుడు ముఖం వేరు. దోషం ఏ గేముకూ కట్టుబడదు, ఏ చోటికీ కట్టుబడదు. గళ్లు, చుక్కలు, ఎక్కడికో సాగిపోయిన త్రికోణాలు కనిపిస్తాయి. ఒక్కోసారి డెస్క్‌టాప్ మీదా, విండోస్ ఇంకా మొదలుకాని తొలి తెర మీదా వస్తాయి. 2018లో విడుదలైన ఆర్టీఎక్స్ 2080 టీఐ కార్డుల్లో కొన్ని ఇలాగే చెడిపోయాయి. తొలి బ్యాచ్‌లో లోపమున్న కార్డులు పరీక్షలు దాటి బయటికి వచ్చాయని ఎన్విడియా ఒప్పుకుంది. వేడి కూడా ఇక్కడే లెక్కకు వస్తుంది. కార్డు ఫ్యాన్లు దాని మీదికి కొట్టేది గదిలోని గాలినే. గది 25 డిగ్రీలున్నప్పుడు హద్దులో ఉండే కార్డుకు, మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో ఆ వెసులుబాటు పదిహేను ఇరవై డిగ్రీలు తగ్గిపోతుంది. ఓవర్‌క్లాక్ చేసిన కార్డు డిసెంబరులో సరిగ్గా పనిచేసి ఎండాకాలంలో చుక్కలు చూపిస్తే, మొదట అనుమానించాల్సింది గేమ్‌ను కాదు. ఇక కేబుల్ దోషానికి గుర్తు, తెర మీద మెరిసే తెల్లచుక్కలు, క్షణకాలం నల్లబడే తెర. రిఫ్రెష్ రేటునో రిజల్యూషన్‌నో తగ్గించగానే అవి మాయమైతే కేబుల్ మోయలేని బరువు మోస్తోందని అర్థం.

ఒకే గేములో రెండు జబ్బులు

ఈ రెండు జాతులను కలిపేస్తే ఎంత గందరగోళమో 2011 అక్టోబరులో ఇడ్ సాఫ్ట్‌వేర్ విడుదల చేసిన ‘రేజ్’ చూపించింది. నేలంతటికీ ఒకే మహా టెక్స్‌చర్ పరిచి, కెమెరా చూపు పడిన ముక్కలను మాత్రమే అప్పటికప్పుడు తెచ్చుకునే పద్ధతి అది. పీసీ మీద విడుదలైన రోజే రెండు ఫిర్యాదులు ఒకేసారి వెల్లువెత్తాయి. తల తిప్పినప్పుడల్లా ముందు మసక నేల కనిపించి తర్వాత తేటపడటం ఒకటి, తెర చిరగడం రెండోది. మొదటిది టెక్స్‌చర్ల రాక ఆలస్యం, రెండోది ఫ్రేము మారే వేళ. దీనికి తోడు ఏఎండీ కార్డుల మీద డ్రైవర్ చిక్కులు. ఆడేవారి కంటికి మూడూ ఒకే రోగం. కొద్ది రోజుల్లో వచ్చిన ప్యాచ్ మాత్రం వాటిని విడదీసింది. టెక్స్‌చర్ క్యాషేకు ఒక సెట్టింగు, వీసింక్‌కు వేరే సెట్టింగు ఇచ్చింది. వీసింక్‌లో ఆన్, ఆఫ్‌లతో పాటు ‘స్మార్ట్’ అనే మూడో దారి కూడా పెట్టింది. ఫ్రేమ్ వేళకు వస్తే కట్టడి, ఆలస్యమైతే వెంటనే చూపించు అనేది దాని సారం. దోషాలను పుట్టినచోటు ప్రకారం వేరుచేస్తేనే సెట్టింగులకు అర్థముంటుందని ఆ ప్యాచ్ చెప్పకనే చెప్పింది.

పరీక్షల క్రమం

కాబట్టి మొదటి పరీక్ష జాతిని తేల్చేదై ఉండాలి. అందుకు అందరి దగ్గరా ఉన్న సాధనం స్క్రీన్‌షాట్. స్క్రీన్‌షాట్ తీసేది కార్డు మెమరీలో పూర్తయిన ఫ్రేమ్‌ను. చిరుగు పుట్టేది ఆ ఫ్రేమ్ తెరకు వెళ్లే దారిలో. కనుక కంటికి కనిపించిన దోషం స్క్రీన్‌షాట్‌లో లేకపోతే, అది వేళకో కేబుల్‌కో మానిటర్‌కో సంబంధించినది. స్క్రీన్‌షాట్‌లోనూ ఉంటే బొమ్మ తయారీలోనే తప్పుంది. 2014 నవంబరులో ‘అసాసిన్స్ క్రీడ్ యూనిటీ’లో ముఖాలు మాయమైన పాత్రల స్క్రీన్‌షాట్లు ప్రపంచమంతా తిరిగాయి. అవి స్క్రీన్‌షాట్లుగా తిరగగలగడమే మానిటర్ల తప్పు లేదనడానికి రుజువు. ఇక్కడొక జాగ్రత్త అవసరం. కార్డు మెమరీ అప్పుడప్పుడు మాత్రమే తప్పు చేస్తుంటే ఆ క్షణం స్క్రీన్‌షాట్‌కు దొరక్కపోవచ్చు. అందుకే ఒక్క స్క్రీన్‌షాట్‌తో తీర్పు చెప్పకూడదు.

వేళ తప్పని తేలితే, మానిటర్ నిజంగా తన పూర్తి వేగంతో నడుస్తోందా అన్నది మొదట చూడాలి. 144 హెర్ట్జ్ మానిటర్‌ను విండోస్ 60లోనే వదిలేయడం మామూలే. తర్వాత వేరియబుల్ రిఫ్రెష్ (జీ-సింక్, ఫ్రీసింక్ లాంటి సదుపాయం) ఉంటే మానిటర్ మెనూలోనూ డ్రైవర్‌లోనూ రెండుచోట్లా ఆన్ చేయాలి. గేమ్ వేగాన్ని మానిటర్ గరిష్ఠ వేగానికి కొంచెం కిందే ఆపాలి. 144 హెర్ట్జ్‌కు 138 నుంచి 141 మధ్య చాలు. ఎందుకంటే ఆ సదుపాయం ఒక పరిధిలోనే పనిచేస్తుంది, పై హద్దు దాటగానే చిరుగో జాప్యమో తిరిగొస్తుంది. మన ఇంజనీరింగ్ విద్యార్థులు వాడే గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ఇంకో మెలిక ఉంది. చాలావాటిలో పెద్ద కార్డు గీసిన ఫ్రేమ్ ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ గుండా తెరకు చేరుతుంది. అప్పుడు పెద్ద కార్డు డ్రైవర్‌లో పెట్టిన కొన్ని సెట్టింగులకు తెర మీద ఫలితం ఉండదు. బొమ్మే తప్పని తేలితే వరస వేరు. గేమ్ ఫైళ్లను సరిచూడటం, దోషం ఒకే గేములో ఒకే చోట వస్తోందా అన్నది గమనించడం, టెక్స్‌చర్ సెట్టింగు ఒక మెట్టు దించడం, ఓవర్‌క్లాక్ తీసేయడం, ఉష్ణోగ్రత చూడటం, ఆ తర్వాతే డ్రైవర్. ఒకసారికి ఒక్కటే మార్చాలి. అయిదు ఒకేసారి మారిస్తే జబ్బు పోయినా ఎందుకు పోయిందో తెలియదు, మళ్లీ వస్తే మళ్లీ మొదటికే.

ఎదురు వాదనలు

ఇంత విచారణ ఎందుకు, డ్రైవర్ తీసి మళ్లీ వేస్తే చాలాసార్లు పోతోంది కదా అని అడగవచ్చు. నిజమే, పోతుంది. పాత షేడర్ క్యాషే చెడినప్పుడు, కొత్త డ్రైవర్‌లో ఆ గేముకు సవరణ ఉన్నప్పుడు అదే సరైన మందు. కానీ డ్రైవర్‌ను శుభ్రంగా తీసి వేసినప్పుడు అందులో మనం మార్చిన సెట్టింగులన్నీ కూడా తొలి స్థితికి వెళ్తాయి. నయం చేసింది కొత్త డ్రైవరా, చెరిగిన సెట్టింగా అన్నది తేలకుండానే మిగిలిపోతుంది. పైగా కార్డు మెమరీ చెడుతున్న యంత్రానికి డ్రైవర్ మార్పు కొద్దిరోజుల ఊరట ఇచ్చినట్టు అనిపించి, వారంటీ గడువు కాస్తా దాటిపోయే ప్రమాదముంది.

వేరియబుల్ రిఫ్రెష్ వచ్చాక చిరుగు చర్చే పాతబడిందన్నది రెండో వాదన. ఆ సదుపాయం గొప్పదే, చిరుగూ జాప్యమూ అన్న పాత బేరాన్ని చాలావరకు తీర్చింది. కానీ దానికీ హద్దులున్నాయి. ఎన్నో మానిటర్లలో అది 48 హెర్ట్జ్ పైనే మొదలవుతుంది. వేగం గబగబా మారే గేముల్లో కొన్ని వీఏ, ఓలెడ్ తెరలు వెలుతురు మినుకుమనిపిస్తాయి. అంటే వేళను సరిదిద్దబోతే బొమ్మలో కొత్త దోషం పుట్టింది. 2022లో డీఎల్ఎస్ఎస్ 3తో వచ్చిన ఫ్రేమ్ జనరేషన్ రెండు నిజమైన ఫ్రేముల మధ్య ఊహించిన ఫ్రేమ్‌ను పెడుతుంది. వేగంగా కదిలే వస్తువుల అంచుల్లో, తెర మీది అంకెల చుట్టూ ఆ ఊహ తడబడటం కనిపిస్తుంది. రెండు జాతులకూ మధ్య గోడ పలచబడుతోందని ఎవరైనా అంటే ఒప్పుకోవాలి. గోడ పలచబడేకొద్దీ విడదీసి చూడాల్సిన అవసరం పెరుగుతుంది గానీ తగ్గదు. ఫ్రేమ్ జనరేషన్ ఒక్కదాన్ని ఆపి చూస్తే, ఊహ తప్పిందో లెక్క తప్పిందో అక్కడికక్కడే తేలుతుంది.

కట్టడులన్నీ తీసేసి కార్డును స్వేచ్ఛగా వదిలేస్తే జాప్యం ఉండదు, చిరుగును మేం భరిస్తాం అనేది పోటీ ఆటగాళ్ల మాట. బేరంలో అది న్యాయమైన ఎంపికే. కానీ హద్దు లేని వేగానికి వేరే ఖర్చుంది. 2010లో ‘స్టార్‌క్రాఫ్ట్ 2’ మెనూ తెరల్లో ఫ్రేములకు హద్దు లేక కార్డులు వేడెక్కాయి, బ్లిజార్డ్ హద్దు పెట్టుకునే దారి చెప్పాల్సి వచ్చింది. 2021లో అమెజాన్ ‘న్యూ వరల్డ్’ పరీక్షా దశలో కొన్ని ఆర్టీఎక్స్ 3090 కార్డులు మాడిపోయాయి. మూలకారణం కొన్ని కార్డుల్లో టంకం లోపమని తయారీదారు ఈవీజీఏ తర్వాత చెప్పింది, అయినా గేమ్ మెనూలో వేగానికి హద్దు పెట్టే ప్యాచ్ వచ్చింది. చిరుగును ఒప్పుకున్నవారు కూడా వేగానికి పై హద్దు ఒకటి పెట్టుకోవడమే మేలు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం మరొకటుంది. డబ్బిచ్చి కొన్న గేమ్‌ను బాగుచేసుకునే భారం ఆడేవారి మీద ఎందుకుండాలి? ఉండకూడదు. 2015 జూన్‌లో ‘బ్యాట్‌మ్యాన్: ఆర్కమ్ నైట్’ పీసీ రూపం ఎంత అధ్వానంగా వచ్చిందంటే వార్నర్ బ్రదర్స్ విడుదలైన రెండు రోజుల్లోపే అమ్మకాలు ఆపేసింది, అక్టోబరు చివరిదాకా తిరిగి అమ్మలేదు. ఆ గేమ్ విడుదలకు సరిగ్గా మూడు వారాల ముందు, గేములు అమ్మే స్టీమ్ తన రీఫండ్ విధానాన్ని తెచ్చింది. కొన్న పద్నాలుగు రోజుల్లోపు, రెండు గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి ఇస్తుంది. విచారణ విలువ ఇక్కడే తెలుస్తుంది. తప్పు మన యంత్రానిదో గేముదో మొదటి రెండు గంటల్లో తేల్చుకోగలిగినవారు డబ్బు వెనక్కి తెచ్చుకుంటారు. సెట్టింగుల జాబితాలు పట్టుకుని గుడ్డిగా ప్రయత్నించినవారు ఆ గంటలు ఖర్చుచేసి, చెడిన గేమ్‌తోనే మిగిలిపోతారు. ఆడేవారు దోషాన్ని వేరుచేసి చూడటం తయారీదారుల పాపాన్ని మోయడం కాదు, దాన్ని వాళ్ల గుమ్మం దగ్గరే దించి రావడం.

గేమ్ తయారుచేసేవారి నుంచి మనం అడగాల్సినవీ ఇందులోంచే వస్తాయి. వీసింక్, వేగ పరిమితి, ఫ్రేమ్ జనరేషన్ ఒక్కొక్కటి విడివిడి సెట్టింగుగా, దేనికి ఏ ధరో పక్కనే రాసి ఇవ్వాలి. టెక్స్‌చర్ సెట్టింగు పక్కన ఎంత మెమరీ పడుతుందో చూపాలి. మానిటర్ అమ్మేవారు వేరియబుల్ రిఫ్రెష్ ఉందని ముద్ర వేసి ఊరుకోకుండా, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో పెట్టె మీద అంకెల్లో రాయాలి. ఇవేమీ కష్టమైన కోరికలు కావు, చాలా గేములు ఇప్పటికే వీటిలో కొన్ని చేస్తున్నాయి. ఆడేవారి వైపు నుంచి కావలసింది ఇంకా తక్కువ. తెర మీద ఏది వింతగా కనిపించినా సెట్టింగుల మెనూ తెరిచేముందు, తప్పింది బొమ్మా, వేళా అని అడగాలి. వేళ అయితే ఏ ధర చెల్లిస్తామో మనమే నిర్ణయించుకోవాలి. బొమ్మ అయితే ఎక్కడ చెడిందో తేల్చి, దాన్ని సరిచేయాల్సిన వారి చేతే సరిచేయించాలి.